నెలపొడుపు: చంద్రదర్శనం, గణితం, అమెరికా ఆకాశం

తెలుగులో చంద్రుడికీ, ముప్పై రోజుల కాలానికీ ఒకటే పేరు: నెల. సంస్కృతంలోని మాస శబ్దానికి కూడా చంద్రుడే మూలం. అయినా నేటి వాడుకలో మాసం అనగానే చంద్రుడు ఎవరికీ గుర్తుకు రాడు. తెలుగు మాటలో ఆ బంధం ఇంకా తెగలేదు. సన్నని చంద్రరేఖ నెలవంక. అమావాస్య తరువాత అది పడమటి దిక్కున తొలిసారి కనబడడం నెలపొడుపు. దానిని తలదాల్చిన శివుడు నెలతాలుపు. కాలాన్ని ఒకప్పుడు కళ్ళతో చూసి తెలుసుకునేవారని ఈ మాటలే సాక్ష్యం చెబుతున్నాయి.

ఈనాడు చంద్రుడు ఏ క్షణంలో ఎక్కడ ఉంటాడో సెకన్లతో సహా ముందే తెలుసు. అయినప్పటికీ అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో రెండు ప్రశ్నలు వినబడుతూనే ఉంటాయి. ఉగాది ఇక్కడ ఎప్పుడు? హైదరాబాదునుండి వచ్చిన ముస్లిం కుటుంబాల్లో రంజాన్ పండుగ ఎప్పుడు? రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే. నెల పొడిచేది పుట్టిన ఊరి దిగంతం మీదనా, ఉన్న ఊరి దిగంతం మీదనా? లీలగా కనబడే ఆ రేఖను చూడడానికి రెండు సంప్రదాయాలు ఇచ్చిన ఆధ్యాత్మికమైన విలువ ఏమిటో, ఆ విలువ గణితంతో ఎలా కలిసి బతికిందో చూస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. అందుకు ఇటీవలి ఒక అమావాస్య మంచి ఉదాహరణ.

ఒక అమావాస్య, మూడు తేదీలు

అమావాస్య అంటే సూర్యచంద్రులు కలిసి వసించే రోజు. 2024 ఏప్రిల్ 8న ఆ కలయిక జరిగిన క్షణం భారత కాలమానం ప్రకారం రాత్రి 11:50 ప్రాంతం. డాలస్‌లో మధ్యాహ్నం 1:20 ప్రాంతం. ఆనాడు టెక్సస్ నుండి ఇండియానా, ఒహాయోల మీదుగా మెయిన్ వరకు సంపూర్ణ సూర్యగ్రహణం కనబడింది. డాలస్ నగరం మూడు నిముషాలకు పైగా చీకటిలో మునిగింది. ఎన్నడూ కంటికి ఆనని అమావాస్య చంద్రుడు నల్లని బిళ్ళగా లక్షలమందికి కనబడ్డాడు.

మరునాడు, ఏప్రిల్ 9న, క్రోధి నామ సంవత్సర ఉగాది. ఆ తేదీ హైదరాబాదులోనూ, డాలస్‌లోనూ ఒకటే. కాని ఆనాటి సాయంత్రం రెండు నగరాల ఆకాశాలు ఒకటి కావు. హైదరాబాదులో సూర్యాస్తమయం వేళకు చంద్రుడి వయసు 19 గంటలు కూడా నిండలేదు. సూర్యుడినుండి అతడి దూరం సుమారు 11 డిగ్రీలు. నెలవంక కనబడలేదని ప్రకటించారు. తెలంగాణతో పాటు భారతదేశంలో చాలా చోట్ల ఈద్ పండుగ ఏప్రిల్ 11న జరిగింది. హైదరాబాదు సూర్యాస్తమయానికి దాదాపు పన్నెండు గంటల తరువాత అదే ఏప్రిల్ 9 సాయంత్రం డాలస్‌కు వచ్చింది. ఈలోగా చంద్రుడు సూర్యుడినుండి 17 డిగ్రీలకు పైగా జరిగాడు. మబ్బులేని చోట నెలవంక తేలికగా కనబడవలసిన దూరం అది. అమెరికాలో ఈద్ ఏప్రిల్ 10న జరిగింది.

ఆ విధంగా ఒకే అమావాస్యనుండి డాలస్‌లోని తెలుగువారికి సోమవారం గ్రహణం, మంగళవారం ఉగాది, బుధవారం రంజాన్ పండుగ వచ్చాయి. హైదరాబాదులోని వారి బంధువులకు గ్రహణం లేదు. ఈద్ ఒకరోజు ఆలస్యం. ఇందులో ఎవరి లెక్కా తప్పు కాదు. ఎవరి పడమటి దిక్కు వారిది.

గమనించదగిన సంగతి మరొకటి ఉంది. ఏప్రిల్ 9 సాయంత్రం హైదరాబాదులో పాడ్యమి తిథి ఇంకా పూర్తి కాలేదు. అది రాత్రి 8:30 వరకు ఉన్నది. డాలస్‌లో సాయంత్రానికి విదియ నడుస్తున్నది. చంద్రదర్శనం విదియనాడని చెప్పే మన పంచాంగ సంప్రదాయం, నెలవంక కనబడలేదన్న హైదరాబాదు ప్రకటన, కనబడిన అమెరికా అనుభవం, ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసిగాయి. ఇది కేవలం యాదృచ్ఛికం కాదు.

పన్నెండు భాగల లెక్క

సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు, అంటే మన పరిభాషలో 12 భాగలు, పెరిగితే ఒక తిథి. అమావాస్య ముగిసిన క్షణంనుండి ఆ దూరం 12 డిగ్రీలు అయ్యేవరకు పాడ్యమి. సూర్యసిద్ధాంతం చంద్రుడి ఉదయాస్తమయాలను, కొమ్ముల వాలును వివరించే అధ్యాయంలో చంద్రుడు కంటికి కనబడడానికి కూడా 12 అనే సంఖ్యనే చెబుతుంది. అయితే అక్కడి కొలత కాలాంశలలో ఉంటుంది. సూర్యుడు అస్తమించాక చంద్రుడు ఎంతసేపటికి అస్తమిస్తాడన్నది కాలాంశలు కొలుస్తాయి. 12 కాలాంశలంటే రెండు ఘడియలు, అంటే 48 నిముషాలు. సూర్యాస్తమయానికీ చంద్రాస్తమయానికీ మధ్య వ్యవధిని బాబిలోనియావారు కూడా మట్టిపలకల మీద శ్రద్ధగా నమోదు చేశారు.

తిథి, కాలాంశ రెండూ ఒకటి కావు. కాని తెలుగుదేశం వంటి ఉష్ణమండల ప్రాంతంలో అవి దాదాపు కలిసి నడుస్తాయి. వసంతకాలపు సాయంత్రం హైదరాబాదులో చంద్రుడు నడిచే దారి దిగంతానికి ఇంచుమించు నిటారుగా ఉంటుంది. 12 డిగ్రీల దూరంలో ఉన్న చంద్రుడు దాదాపు 12 డిగ్రీల ఎత్తులోనే ఉండి, అస్తమించడానికి ముప్పావుగంటకు పైగా తీసుకుంటాడు. చికాగోలో శరత్కాలపు సాయంత్రం అదే దారి దిగంతానికి 25 డిగ్రీల వాలులో మాత్రమే ఉంటుంది. 12 డిగ్రీల దూరంలో ఉన్న చంద్రుడు కూడా నేలను రాసుకుంటూ దక్షిణంగా ఒరిగి, అరగంట లోపే అస్తమించవచ్చు. పంచాంగంలో విదియ అని ఉన్నా కార్తీక చంద్రుడు చికాగోలో కనబడకపోవడానికి కారణం ఇదే. చంద్రుడు తన కక్ష్యలో ఐదు డిగ్రీల వరకు ఉత్తరంగానో దక్షిణంగానో తప్పుకోవడం కూడా ఈ తేడాను పెంచవచ్చు, తగ్గించవచ్చు.

చంద్రుడి కొమ్ముల వాలును శృంగోన్నతి అంటారు. వరాహమిహిరుడు బృహత్సంహితలోని చంద్రచారాధ్యాయంలో నావ, నాగలి వంటి పేర్లతో ఆ ఆకారాలను వర్గీకరించి ఒక్కొక్కదానికి ఒక ఫలం చెప్పాడు. నావలాగా వెల్లకిలా పడుకున్న నెలవంక మన ప్రాంతాలకు సహజం. ఉత్తరానికి పోయినకొద్దీ అది పక్కకు ఒరుగుతుంది. ఊరు మారిన మనిషికి చంద్రుడి ముఖం కూడా కొంత మారుతుంది.

న్యూ హేవెన్ నగరంలో సూర్యసిద్ధాంతం

ఈ గ్రంథానికి అమెరికాతో ఉన్న సంబంధం చాలామంది ఎరుగనిది. ఎబనీజర్ బర్జెస్ అనే అమెరికన్ మిషనరీ బొంబాయి రాష్ట్రంలో మరాఠీ పాఠశాలలకు ఖగోళశాస్త్ర పాఠ్యపుస్తకం తయారుచేసే ప్రయత్నంలో సూర్యసిద్ధాంతాన్ని చదవడం మొదలుపెట్టాడు. ఆయన ఆంగ్లానువాదం, యేల్ కళాశాల సంస్కృత పండితుడు విలియం డ్వైట్ విట్నీ విస్తృత వ్యాఖ్యలతో, 1860లో అమెరికన్ ఓరియంటల్ సొసైటీ పత్రికలో న్యూ హేవెన్ నుండి వెలువడింది. హిందూ జ్యోతిషం గ్రీకులనుండి ఎంత తీసుకున్నదన్న విషయంలో వారిద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు. విట్నీ గ్రీకుల ఋణం ఎక్కువన్నాడు. బర్జెస్ హిందువుల స్వతంత్రతను సమర్థిస్తూ తన భిన్నాభిప్రాయాన్ని అదే సంపుటంలో ప్రకటించాడు.

అదే నగరంలో 1919లో యేల్ ఆచార్యుడు ఎర్నెస్ట్ విలియం బ్రౌన్ చంద్రగమన పట్టికలు అచ్చయ్యాయి. సూర్యుడి ఆకర్షణ, ఇతర గ్రహాల ప్రభావం, భూమి ఆకారం వల్ల చంద్రుడి నడకలో వచ్చే అసంఖ్యాకమైన హెచ్చుతగ్గులకు ఆ పట్టికల్లో స్థానం ఉంది. 1923 నుండి ప్రపంచంలోని ప్రధాన నౌకా పంచాంగాలకు అవే ఆధారమయ్యాయి. నౌకా పంచాంగాల గణాంకాలను ఆశ్రయించిన మన దృగ్గణిత పంచాంగాలలో తిథులు మారిన క్షణాలను కూడా పరోక్షంగా నిర్ణయించింది బ్రౌన్ చంద్రుడే. తెలుగువారు అమెరికాకు పెద్దసంఖ్యలో రాకముందే అమెరికాలో కట్టిన లెక్క వారి పంచాంగంలోకి వెళ్ళిందన్నమాట.

దృగ్గణితం అన్న మాటలోనే చూపు ఉన్నది. దృక్ అంటే చూపు. చూసినదానితో సరిపోయే గణితం దృగ్గణితం. కేరళకు చెందిన పరమేశ్వరుడు దశాబ్దాలపాటు గ్రహణాలను స్వయంగా పరిశీలించి, పాత లెక్కకూ కంటికీ కుదరని చోట లెక్కను సవరించి, 1431లో దృగ్గణితం అన్న గ్రంథాన్ని రచించాడు. 19వ శతాబ్దిలో మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి నాటికల్ అల్మనాక్ ఆధారంగా దృగ్గణిత పంచాంగాన్ని ప్రచురించి, సంప్రదాయ పంచాంగకర్తలతో వాదానికి దిగాడు. శాస్త్రంలో చూపు గణితానికి పోటీదారు కాదు. గణితం తప్పినప్పుడు సరిదిద్దే అధికారి.

సాక్షి మాట

హిందూ సంప్రదాయం నెల ప్రారంభాన్ని గణితానికి అప్పగించి, దర్శనాన్ని భక్తికీ, పరీక్షకూ ఉంచుకుంది. పశ్చిమాసియా మతాలు మరొక దారి తొక్కాయి. అక్కడ చూపు సాక్ష్యం అయింది. ప్రాచీన యెరూషలేములో నెలవంకను చూసినవారు న్యాయసభ ముందు సాక్ష్యం చెప్పేవారు. రబ్బాన్ గమలియేలు తన మేడగదిలో చంద్రుడి ఆకారాల బొమ్మలు పెట్టుకుని, నీవు చూసినది ఇలా ఉన్నదా, అలా ఉన్నదా అని సాక్షులను అడిగేవాడని మిష్నా చెబుతుంది. ఒకసారి ఆయన అంగీకరించిన సాక్ష్యం తప్పని యెహోషువ అనే పండితుడు భావించాడు. అయినా గమలియేలు ఆజ్ఞకు తలవంచి, తన లెక్క ప్రకారం మహాపర్వదినమైన రోజున చేతికర్ర, డబ్బు పట్టుకుని ఆయన దగ్గరకు నడిచి వెళ్ళాడు. పరమ పవిత్రమైన ఆ రోజున వాటిని ముట్టకూడదు. సమాజం ఒకే రోజున పండుగ చేసుకోవడం కోసం ఒక పండితుడు తన కంటి నమ్మకాన్ని వదులుకున్న ఈ కథ, కాలనిర్ణయం సామాజిక విషయం కూడానని గుర్తుచేస్తుంది. యూదులు తరువాతి శతాబ్దాలలో స్థిరమైన గణిత పంచాంగాన్ని స్వీకరించారు. చంద్రుడు పెరిగే రోజుల్లో ఆరుబయట నిలబడి చెప్పే ఆశీర్వచనాన్ని మాత్రం నేటికీ మానలేదు.

ఇస్లాములో నెలవంకలు మనుషులకూ, హజ్ యాత్రకూ కాలసూచికలని ఖురాను చెబుతుంది. వంకను చూసి ఉపవాసం మొదలుపెట్టి, వంకను చూసి విరమించాలన్నది ప్రవక్త ఆదేశం. మబ్బు పట్టితే ముప్పై రోజులు పూర్తి చేయాలి. సహీహ్ ముస్లిం గ్రంథంలోని కురైబ్ వృత్తాంతం మన ప్రశ్నకు నేరుగా సంబంధించినది. సిరియాలో శుక్రవారం రాత్రి నెలవంక కనబడిందని, ముఆవియా సహా అక్కడివారంతా ఉపవాసం మొదలుపెట్టారని కురైబ్ మదీనాకు వచ్చి చెప్పాడు. తాము శనివారం రాత్రి చూశామని, దాని ప్రకారమే నడుచుకుంటామని, సిరియా దర్శనం తమకు చాలదని ఇబ్న్ అబ్బాస్ జవాబిచ్చాడు. ఏ ఊరి దిగంతం ఆ ఊరికి ప్రమాణం అన్న అభిప్రాయానికి ఈ హదీసు ఆధారం. ఒకచోటి దర్శనం అందరికీ చాలునన్న న్యాయవేత్తలు కూడా ఉన్నారు. ఆ చర్చ పదమూడు శతాబ్దాలుగా సాగుతూ అమెరికాకు కూడా వచ్చింది.

తెలుగు పల్లెల్లో ఈ నెలవంక ముస్లిములకే పరిమితం కాదు. మొహరం నెలవంక కనబడిన తరువాతనే పీర్ల చావిడి ముందు గుండం పని మొదలవుతుంది. పీర్లను ఎత్తుకునేవారిలో, మొక్కు చెల్లించేవారిలో హిందువులు ఎందరో. ఉగాదిని పంచాంగం చూసి చేసుకునే రైతు, పీర్ల పండుగను ఆకాశం చూసి లెక్కపెట్టుకున్నాడు. రెండు కాలగణనలూ ఒకే ఊళ్ళో, తరచు ఒకే ఇంట్లో, తగాదా లేకుండా నడిచాయి.

అమెరికాలో చంద్రాన్వేషణ

నెలవంక ఎప్పుడు కనబడుతుందన్న ప్రశ్నకు 20వ శతాబ్దిలో భౌతికశాస్త్రం తోడయింది. ఫ్రెంచి ఖగోళవేత్త ఆండ్రే డాంజాన్ 1930లలో ఒక హద్దును గుర్తించాడు. సూర్యుడికి సుమారు 7 డిగ్రీల లోపు దూరంలో చంద్రరేఖ కంటికి కనబడదు. చంద్రుడి మీది పర్వతాల నీడలు ఆ రేఖను మింగేస్తాయని ఆయన వివరించాడు. అంత సన్నని రేఖ ఇచ్చే వెలుగు మనిషి కంటికి కావలసిన కనీస వెలుగుకంటే తక్కువ కావడమే అసలు కారణమని అమెరికన్ ఖగోళవేత్త బ్రాడ్లీ షేఫర్ తరువాత వాదించాడు. గాలిలోని తేమ, ధూళి, సంధ్యాకాశపు కాంతి, కంటి సామర్థ్యం, వీటన్నిటినీ ఆయన తన గణితంలోకి తెచ్చాడు.

వాషింగ్టన్‌లోని నౌకాదళ నక్షత్రశాలకు చెందిన లీరాయ్ డాగెట్‌తో కలిసి షేఫర్ 1980ల చివరి సంవత్సరాల్లో ఉత్తర అమెరికా అంతటా చంద్రాన్వేషణలు నిర్వహించాడు. ఎన్నుకున్న సాయంత్రాల్లో రెండువేలమందికి పైగా పరిశీలకులు తమ ఊళ్ళనుండి నెలవంక కోసం చూసి, కనబడిందో లేదో రాసి పంపారు. 1994లో ప్రచురించిన ఫలితాలలో మన చర్చకు పనికివచ్చేవి మూడు ఉన్నాయి. మొదటిది, చంద్రుడి వయసు ఇన్ని గంటలుంటే చాలునన్న సూత్రాలతో పాటు ప్రాచీన, మధ్యయుగ సూత్రాలు కూడా అన్నిచోట్లా, అన్ని ఋతువుల్లో నిలవవు. పైన చూసిన చికాగో కార్తీక చంద్రుడి వంటి సందర్భాల్లో మన 12 భాగల సూత్రానికి కూడా ఈ మినహాయింపు తప్పదు. రెండవది, కనబడే ప్రాంతానికీ కనబడని ప్రాంతానికీ మధ్య ఉన్నది గీత కాదు, వెడల్పైన పట్టీ. ఆ పట్టీలో ఒకే ఊరివారిలో కొందరికి కనబడుతుంది, కొందరికి కనబడదు. 2024 ఏప్రిల్ 9న హైదరాబాదులో కనబడని నెలవంక కనబడిందని కేరళలో ప్రకటించి, అక్కడ ఈద్ ఏప్రిల్ 10న చేసుకోవడాన్ని ఈ వెలుగులో అర్థం చేసుకోవాలి. మూడవది, కనబడే అవకాశమే లేని చోట్లనుండి కూడా చూశామన్న నివేదికలు చెప్పుకోదగ్గ సంఖ్యలో వచ్చాయి. అవి అబద్ధాలు కావు. చూడాలన్న ఆశ గట్టిదైనప్పుడు మబ్బుతునక, విమానం వదిలిన పొగచార కూడా చంద్రరేఖ కాగలవు.

అనుభవజ్ఞుల కళ్ళు మరింత దూరం వెళ్ళాయి. 1990 మే నెలలో స్టీఫెన్ జేమ్స్ ఓమేరా 15 గంటల 32 నిముషాల వయసున్న చంద్రుడిని కేవలం కంటితో చూసినట్లు నమోదైంది. కెమెరా కంటిని పూర్తిగా దాటిపోయింది. 2013 జూలై 8న తియెరీ లెగో ఫ్రాన్సులో పట్టపగలు, సరిగ్గా అమావాస్య క్షణాన, పరారుణ కాంతిలో చంద్రరేఖను ఫోటో తీశాడు. వయసు సున్నా అయిన చంద్రుడు చిత్రంలోకి వచ్చాక, కనబడడం అంటే ఏమిటన్న ప్రశ్న పరికరాలది కాదు, మనిషిది.

లెక్క ఉండగా చూడడమెందుకు?

అమెరికాలోని ముస్లింలకు ఈ ప్రశ్న చాలా ఆచరణాత్మకమైనది. పరాయి సెలవుల దేశంలో పండుగ రోజు ముందురోజు రాత్రి వరకు తేలకపోతే కార్యాలయంలో సెలవు, పిల్లల పరీక్షలు, నమాజుకు అద్దెకు తీసుకునే సభాభవనం, అన్నీ చిక్కే. దేశదేశాలనుండి వచ్చినవారు తమ తమ స్వదేశపు ప్రకటనలను అనుసరిస్తే ఒకే నగరంలో రెండు మూడు రోజులు ఈద్ జరుగుతుంది. ఈ పరిస్థితిలో ఫిఖ్ కౌన్సిల్ ఆఫ్ నార్త్ అమెరికా 2006లో ఖగోళ గణితం ఆధారంగా నెలలను ముందే నిర్ణయించే పద్ధతిని ప్రకటించింది. భూమి మీద ఎక్కడైనా సూర్యాస్తమయ వేళ చంద్రుడు సూర్యుడికి 8 డిగ్రీల దూరంలో, దిగంతంపై 5 డిగ్రీల ఎత్తులో ఉండాలన్న నియమం తరువాత వచ్చింది. దీనిని అంగీకరించని సంఘాలు స్థానిక దర్శనాన్నే అనుసరిస్తూ, గణితాన్ని సాక్ష్యాన్ని పరీక్షించడానికి మాత్రమే వాడుకుంటున్నాయి. మొదటి పక్షం సమాజ ఐక్యతను, రెండవ పక్షం దర్శనమనే ఆరాధనా చర్యను కాపాడాలని చూస్తున్నది. యెహోషువ నడకలో ఉన్న ద్వంద్వమే ఇదీ.

తెలుగు హిందువుకు ఇంతటి చిక్కు లేదు. నెల ఎలాగూ గణితంతోనే మొదలవుతుంది. అయినా దర్శనం పోలేదు. విదియనాటి చంద్రుడిని చూసి, కట్టుకున్న బట్టనుండి ఒక దారం తీసి ఆయనకు సమర్పించడం పాత ఆచారం. చంద్రునికో నూలుపోగు అన్న జాతీయం దానినుండే పుట్టింది. పెద్దలముందు తమ కానుక ఎంత చిన్నదో చెప్పుకోవడానికి ఆ మాట వాడతాం. కాని ఆచారంలో అల్పత్వం ఇరువైపులా ఉంది. ఇచ్చేది ఒక పోగు. అందుకునే చంద్రుడు కూడా ఆ సాయంత్రం పోగంత సన్ననివాడే. దక్షుడి శాపంతో క్షీణించి శివుడి తలమీద ఆశ్రయం పొందిన చంద్రుడు మళ్ళీ పెరగడం మొదలుపెట్టిన వేళ అది. భీమవరం సమీపాన గునుపూడి సోమారామంలో శివలింగం అమావాస్యకు నల్లగా, పున్నమికి తెల్లగా మారుతుందని భక్తుల విశ్వాసం. క్షయం చివరిమాట కాదన్న నమ్మకమే ఆ కథకూ, ఈ విశ్వాసానికీ ఆధారం.

చూడడం ఎప్పుడూ పుణ్యమే కాదు. విదియనాడు దర్శనీయుడైన చంద్రుడు భాద్రపద శుద్ధ చవితినాడు చూడరానివాడు. పొరపాటున చూస్తే శమంతకోపాఖ్యానం వినాలి. అమావాస్యలను కూడా మన నిఘంటువులు చూపును బట్టి విడదీశాయి. చంద్రకళ కాస్త కనబడితే సినీవాలి. పూర్తిగా అదృశ్యమైతే కుహువు. తిథి లెక్కకు ఈ తేడాలతో పనిలేదు. మనిషి ఆ వేళ ఆకాశం ముందు ఎలా నిలబడ్డాడన్నదే వీటికి ముఖ్యం.

వేదాంతులు చెప్పే శాఖాచంద్ర న్యాయం ఈ సంబంధాన్ని చక్కగా వివరిస్తుంది. సన్నని చంద్రుడిని చూపించాలంటే ముందు చెట్టుకొమ్మను చూపి, దాని చివర చూడమంటారు. కొమ్మకూ చంద్రుడికీ సంబంధం లేదు. అయినా కొమ్మ లేకపోతే చూపు ఎటు పోవాలో తెలియదు; కొమ్మ దగ్గరే ఆగిపోతే చంద్రుడు కనబడడు. బ్రహ్మాన్ని సూచించే మాటల పరిస్థితి అదేనని వారి తాత్పర్యం. నెలపొడుపు విషయంలో గణితం ఆ కొమ్మ. ఏ దిక్కున, ఎంత ఎత్తున, ఎన్ని నిముషాలపాటు చూడాలో అది చెబుతుంది. చూసే పని మాత్రం ఎవరికి వారు చేసుకోవలసిందే.

ఉన్న ఊరి దిగంతం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. 2025లో అమావాస్య మార్చి 29న భారత కాలమానం సాయంత్రం 4:27కు ముగిసింది. పాడ్యమి మరునాడు మధ్యాహ్నం 12:49 వరకు ఉన్నది. సూర్యోదయానికి పాడ్యమి ఉన్న రోజు ఉగాది కనుక హైదరాబాదులో విశ్వావసు నామ సంవత్సర ఉగాది మార్చి 30. డాలస్ గడియారంలో అవే క్షణాలు మార్చి 29 ఉదయం 5:57, మార్చి 30 తెల్లవారుజాము 2:19. డాలస్‌లో పాడ్యమి ఉన్న సూర్యోదయం మార్చి 29న మాత్రమే. 30న సూర్యోదయానికి విదియ వచ్చేసింది. న్యూయార్క్‌లో పరిస్థితి ఇంకా విచిత్రం. 29న సూర్యుడు ఉదయించిన కొద్ది నిముషాలకు పాడ్యమి మొదలై, 30న సూర్యోదయానికి ముందే ముగిసింది. ఏ సూర్యోదయానికీ అందని తిథి అది. హైదరాబాదు తేదీని అమెరికాకు యథాతథంగా తెచ్చుకుంటే, మార్చి 30న డాలస్‌లో ఉగాది పచ్చడి తినే వేళకు శాస్త్రప్రకారం పాడ్యమి గడిచిపోయింది.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ ఇవ్వాళ ఉగాది అంటే, ఇక్కడా ఇవ్వాళే అనుకోవడంలో ఆప్యాయత ఉంది. దానిని తక్కువ చేయనక్కరలేదు. కుటుంబంతో ఒకే రోజున పండుగ చేసుకోవాలన్న కోరిక ఐక్యతను కోరిన పండితుల కోరిక వంటిదే. కాని సంప్రదాయాన్ని కాపాడడం అంటే హైదరాబాదు తేదీని కాపాడడమేనన్న అభిప్రాయానికి సంప్రదాయంలో ఆధారం లేదు. సూర్యసిద్ధాంతమే ఉజ్జయిని రేఖకు తూర్పు పడమరలుగా ఉన్న ఊళ్ళకు దేశాంతర సంస్కారం చెప్పింది. తిథి లోకమంతటికీ ఒకే క్షణంలో మారినా, దానిని రోజుగా మార్చేది ఆయా ఊళ్ళ సూర్యోదయం. మదీనాలో ఇబ్న్ అబ్బాస్ చెప్పినదీ, ఉజ్జయిని గణకులు చెప్పినదీ ఈ విషయంలో కలుస్తాయి. అమెరికా నగరాలకు వేరుగా గణించిన పంచాంగాలు నేడు సులభంగా దొరుకుతున్నాయి. వాటిని వాడడం సంప్రదాయాన్ని సడలించడం కాదు, పాటించడమే.

తేదీ నిర్ణయం గణితంతో ముగిసినా, విదియ సాయంత్రం మిగిలే ఉంటుంది. సూర్యుడు అస్తమించిన ఇరవై నిముషాల తరువాత పడమటి దిక్కు ఖాళీగా కనబడే చోటు ఏదైనా చాలు: మైదానం, వంతెన, ఎత్తైన పార్కింగ్ కట్టడం. సూర్యుడు పూర్తిగా అస్తమించాడని నిర్ధారించుకునే దాకా బైనాక్యులర్లు ఎత్తకూడదు; కన్ను పోయే ప్రమాదం ఉంది. వసంతంలో అయితే సూర్యుడు మునిగిన చోటికి దాదాపు పైన, శరత్తులో అయితే ఎడమవైపు, బాగా కిందుగా వెతకాలి. కార్తీక శుద్ధ విదియ, అంటే భగినీహస్త భోజనం నాడు, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చంద్రుడు కనబడితే అదృష్టమే. చైత్ర విదియనాడు కనబడకపోతే మబ్బును తప్పుపట్టవచ్చు. కనబడిన వేళ అదే రేఖకోసం చాంద్‌రాత్ చూసే పొరుగువారు కూడా బయటికి వచ్చి ఉండవచ్చు; వారి పెద్దలు ఏ ఊరివారో అడిగితే వరంగల్లో, కర్నూలో అని జవాబు రావచ్చు. ఆ సాయంత్రం ఇద్దరూ చూస్తున్నది తాము నివసిస్తున్న ఊరి దిగంతాన్నే.